వానకు మూసిన హాలు, చప్పుడుకు తెరిచే ఉంది

సంపాదకులు గారికి,

నమస్కారం. పెళ్లిళ్ల రోజులు వచ్చాయంటే ఫంక్షన్ హాళ్ల పక్కన ఉన్న ఇళ్లవాళ్లకు నిద్ర ఉండదు. వాళ్లు ఫిర్యాదు చేస్తారు. 'మాది సౌండ్ ప్రూఫ్ హాలండీ, లక్షలు పోసి గోడలకు ఫోమ్ వేయించాం' అని యజమాని అంటాడు. చాలాసార్లు ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఫోమ్ వేయించాడు, బిల్లు మీద 'సౌండ్ ప్రూఫింగ్' అనే రాసి ఉంటుంది. కానీ ఫోమ్ చేసే పని ఒకటి, ఆయనకు కావలసిన పని మరొకటి. ఆ తేడా తెలియక డబ్బూ పోతోంది, పక్కింటివాళ్ల నిద్రా పోతోంది. పిల్లల తరగతి గదుల్లో ఇదే పొరపాటు తిరగబడి జరుగుతోంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు చట్టం సంగతి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. 'మూసి ఉన్న ఆవరణ'లో, లోపలివాళ్ల కోసం వాడుకుంటే మాత్రం మినహాయింపు ఉంది. ఆడిటోరియంలు, కమ్యూనిటీ హాళ్లు, విందు హాళ్లు ఆ మినహాయింపు కిందికే వస్తాయి. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెళ్లు (చప్పుడు ఎంత పెద్దదో చెప్పే కొలత). ప్రైవేటు స్థలం హద్దు దగ్గర దానికంటే 5కు మించి ఎక్కువ ఉండకూడదు. అంటే 50. మరి మూసి ఉన్న ఆవరణ అంటే ఏమిటి? నాలుగు గోడలు, పైన కప్పు ఉంటే మూసినట్టేనని అందరూ అనుకుంటున్నారు. వానకు మూసినది ధ్వనికి కూడా మూసినదే కావాలని లేదు. ఈ ఉత్తరంలో మేము చెప్పదలుచుకున్నది ఇదే.

ధ్వని ఒక వస్తువును తాకినప్పుడు మూడు పనులు జరుగుతాయి. కొంత వెనక్కి తిరుగుతుంది, కొంత ఆ వస్తువులోనే ఇంకిపోయి వేడిగా మారుతుంది, మిగిలింది అవతలికి దాటుతుంది. ఏ పని ఎంత జరుగుతుందన్నది ఆ వస్తువు బరువు మీద, గట్టిదనం మీద, దానిలో గాలి ఆడే సందులున్నాయా లేదా అన్నదాని మీద ఉంటుంది. బావిలో మునిగినవాడికి గట్టు మీద వేసే కేకలు వినపడవు. గాలిలోంచి నీటి మీద పడ్డ ధ్వనిలో వెయ్యి పాళ్లకు ఒక పాలే లోపలికి దిగుతుంది, తక్కినదంతా తిరిగి పైకే వస్తుంది. గచ్చు, పాలరాయి, టైల్సు, అద్దం కూడా ఇలా తిప్పికొట్టేవే. నూటికి ఒకటి నుంచి మూడు వంతులు మాత్రమే ఉంచుకుంటాయి. గోల్కొండ ఫతే దర్వాజా కింద కొట్టిన చప్పట్లు దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీదున్న బాలా హిస్సార్‌లో వినపడేది అక్కడి గట్టి రాతి కమాను ధ్వనిని తినకుండా తిప్పి పంపడం వల్లే.

గ్లాస్ ఊల్, రాక్ ఊల్ (గాజు, రాతి పోగుల దూది), ఫోమ్, దళసరి కర్టెన్, తివాచీ వేరే జాతివి. వీటి నిండా గాలి ఆడే సన్నటి దారులుంటాయి. ధ్వని లోపలికి వెళ్లి ఆ పోగుల మధ్య గాలిని ముందుకూ వెనక్కూ ఊపుతుంది, ఆ ఒరిపిడిలో దాని బలం వేడిగా కరిగిపోతుంది. హాలు లోపల గింగురుమనడం తగ్గాలంటే కావలసినవి ఇవే. కానీ ఒక్క సంగతి గమనించండి. గాలి ఆడనిచ్చే వస్తువు ధ్వనిని కూడా అవతలికి పోనిస్తుంది. నోటితో ఊదితే ఊపిరి అవతలికి వస్తోందంటే అది పీల్చే వస్తువే కానీ అడ్డుకునే వస్తువు కాదు.

అడ్డుకోవడానికి కావలసింది బరువు. చదరపు మీటరుకు బరువు రెట్టింపు చేస్తే అవతలికి దాటే ధ్వని దాదాపు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. ధ్వని పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్క, దాని కొలత హెర్ట్జ్) సగమైతే, అంటే లోతైన మోత అయిన బేస్ వైపు దిగితే, అదే గోడ 6 డెసిబెళ్లు తక్కువ ఆపుతుంది. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ సుమారు 45 డెసిబెళ్లు, తొమ్మిదంగుళాల గోడ 50 దాకా ఆపుతాయి. చదరపు మీటరుకు అరకిలో కూడా లేని అంగుళం మందం థర్మోకోల్ ఏమాపుతుంది? కోడిగుడ్ల ట్రేలు కూడా అంతే. ఆ గుంటలు చూసి ధ్వని ఇరుక్కుపోతుందని నమ్మి ఇంట్లో పాటల రికార్డింగ్ గదులకు అతికిస్తున్నారు. పలుచని అట్ట కాబట్టి గొంతు మీది కీచుదనం కొంచెం తగ్గుతుంది తప్ప బయటి చప్పుడు లోపలికి రావడం ఆగదు. పైగా చెదలు పడుతుంది, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది.

ఇక మన హాళ్ల సంగతికి వద్దాం. ఈమధ్య కట్టినవాటిలో చాలావాటికి గోడలు ఇటుకవే, పైకప్పు మాత్రం ఇనుప ఫ్రేము మీద అర మిల్లీమీటరు రేకు. కింద అందానికి ఫాల్స్ సీలింగ్. ఆ రేకు బరువు చదరపు మీటరుకు 4 కిలోల లోపే. మాట, సన్నాయి వినపడే 500 హెర్ట్జ్ దగ్గర అది 19 డెసిబెళ్లు ఆపుతుంది. డీజే బేస్ ఉండే 63 హెర్ట్జ్ దగ్గర ఒక్క డెసిబెలు. అంటే బేస్‌కు ఆ కప్పు లేనట్టే లెక్క. గుండెల్లో గుద్దినట్టు పక్క వీధిలో వినపడేది అదే.

నూరడుగుల పొడవు, అరవై అడుగుల వెడల్పు ఉన్న హాలుకు కప్పు 6,000 చదరపు అడుగులు. 500 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెళ్లు ఆపే రేకు అంత విస్తీర్ణంలో ఉంటే, గట్టి కప్పులో 75 చదరపు అడుగుల కిటికీ తెరిచి పెట్టినంత ధ్వని బయటికి పోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం లెక్క దీనికంటే విడ్డూరం. 50 డెసిబెళ్లు ఆపే తొమ్మిదంగుళాల గోడ 1,000 చదరపు అడుగులున్నా, దాని గుండా పోయే ధ్వని చదరపు అడుగులో నూరో వంతు రంధ్రం గుండా పోయేంతే. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ఒక్క ఫ్యాన్ రంధ్రం అలాంటి 225 గోడలు వదిలేసేంత ధ్వనిని వదిలేస్తుంది. గోడకు ఎంత ఖర్చు పెట్టినా ఆ రంధ్రాన్ని వదిలేస్తే గోడ ఉండీ లేనట్టే.

ఇప్పుడు ఆ గోడలకు ఫోమ్ అంటించారు. ఏం జరిగింది? హాలులో పీల్చుకునే శక్తి రెట్టింపైతే లోపలి చప్పుడు 3 డెసిబెళ్లు తగ్గుతుంది, నాలుగింతలైతే 6. అదీ మాట పలికే స్థాయిల్లోనే. ఎందుకంటే గట్టి గోడను ఆనుకుని ఉన్న గాలి కదలదు. కదలని గాలిని పోగులు ఏం ఒరిపిడి పెడతాయి? గాలి బాగా కదిలేది గోడకు పావు తరంగదైర్ఘ్యం (ఒక అల పొడవులో నాలుగో వంతు) దూరాన. 1,000 హెర్ట్జ్ ధ్వనికి అది సుమారు మూడున్నర అంగుళాలు. 60 హెర్ట్జ్ బేస్‌కు దాదాపు నాలుగు అడుగుల ఎనిమిది అంగుళాలు. అంగుళం ఫోమ్‌కు ఆ బేస్ తన మీదుగా పోయిందన్న సంగతి కూడా తెలియదు. లోపల గింగురు తగ్గి పాట స్పష్టంగా వినపడేసరికి డీజే కుర్రాడు ఇంకాస్త పెంచుతాడు. బయటివాళ్లకు మునుపటికంటే ఎక్కువే వినపడుతుంది.

ఫోమ్ విషయంలో ఇంకొకటి నొక్కి చెప్పాలి. మామూలు పాలీయురేథేన్ ఫోమ్ పెట్రోలులా అంటుకుంటుంది, నల్లటి విషపు పొగ కక్కుతుంది. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 2003లో ఒక నైట్ క్లబ్ వేదిక గోడలకు ధ్వని కోసం అంటించిన ఫోమ్‌కు బాణసంచా నిప్పు తగిలి 100 మంది చనిపోయారు. మన పెళ్లి వేదికల మీద వధూవరులు నడిచి వస్తుంటే రెండు పక్కలా చిమ్మే పైరోలు (నిప్పురవ్వల చిమ్ములు) కూడా నిప్పే. 'కోల్డ్' అని పేరు పెట్టినంత మాత్రాన చల్లబడవు. వేదిక చుట్టూ ఫోమ్ ఉన్న హాలులో వాటికి అనుమతి ఇవ్వకండి. పీల్చే వస్తువు కావాలంటే కాలని రాక్ ఊల్ లేదా గ్లాస్ ఊల్ పలకలే వాడాలి. పైన చుట్టే గుడ్డ కూడా మంటను పట్టనిదై ఉండాలి.

మరి నిజంగా మూయాలంటే ఏం చేయాలి? రేకు కింద ఇంకొక బరువైన పొర, రెండింటి మధ్య ఖాళీ, ఆ ఖాళీలో ఊల్. పన్నెండున్నర మిల్లీమీటర్ల జిప్సం బోర్డులు రెండు పొరలు, ఒకదాని అతుకు మీద ఇంకొకదాని అతుకు పడకుండా బిగించాలి. వాటిపైన 50 నుంచి 100 మిల్లీమీటర్ల రాక్ ఊల్ పరవాలి. రేకుకూ బోర్డుకూ మధ్య కనీసం 200 మిల్లీమీటర్లు వదలాలి. ఫ్రేమును ఇనుప కడ్డీలతో నేరుగా వేలాడదీస్తే రేకు కంపనం, బోర్డు కంపనం ఒకటైపోయి పెట్టిన ఖర్చులో సగం వృథా. రబ్బరు లేదా స్ప్రింగు హ్యాంగర్లు వాడాలి.

ఖాళీ ఎందుకు పెద్దగా ఉండాలో చెబుతాం. రెండు పొరలూ మధ్య గాలీ కలిసి స్ప్రింగు మీద పెట్టిన రెండు బరువుల్లా ఊగుతాయి. ఒక్కొక్క బోర్డు, 50 మిల్లీమీటర్ల ఖాళీ అయితే ఆ ఊపు సుమారు 125 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అది డోలు మోత పలికే చోటే! అక్కడ జంట గోడ ఒంటి గోడకంటే అన్యాయంగా పని చేస్తుంది. రెండేసి బోర్డులు పెట్టి ఖాళీ 100 చేస్తే అది 63కు దిగుతుంది. ఖాళీ పెరిగేకొద్దీ ఇంకా దిగుతుంది. సన్న ఖాళీతో జంట పొర వేసి 'డబుల్ వాల్' అని అమ్మేవాళ్లున్నారు. డీజే హాలుకు అది పనికిరాదు.

ఇక్కడ ఆగి ఒక జాగ్రత్త. బోర్డులు, ఫ్రేము, ఊల్ కలిపితే చదరపు మీటరుకు పాతిక కిలోల దాకా అవుతుంది. 6,000 చదరపు అడుగులకు దాదాపు 14 టన్నులు! రేకు షెడ్డు పర్లిన్లు (రేకును మోసే అడ్డ కడ్డీలు) అంత బరువు మోయడానికి వేసినవి కావు. స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క కట్టి, కావలిస్తే ఉక్కు పెంచి, సంతకం పెట్టాకే పైకి ఎక్కించాలి. ధ్వని కోసం కప్పు కూల్చుకోకూడదు. కొత్తగా కట్టేవాళ్లకు మా సలహా ఒక్కటే. రాత్రి పూట సంగీతం పెట్టదలిస్తే రేకు జోలికి పోవద్దు, స్లాబే వేయండి. ఆరంగుళాల ఆర్‌సీసీ స్లాబు చదరపు మీటరుకు 350 కిలోల పైనే ఉంటుంది. తరువాత ఎంత గింజుకున్నా రేకుకు ఆ బరువు రాదు.

తలుపుల దగ్గర పని చిన్నది, ఫలితం పెద్దది. తలుపు కింద 10 మిల్లీమీటర్ల సందు ఉంటే, మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తలుపు ఎంత బరువైనదైనా 23 డెసిబెళ్లకు మించి ఆపలేదు. చుట్టూ రబ్బరు బీడింగ్ వేయాలి. తలుపు మూయగానే కిందికి దిగే డ్రాప్ సీల్ పెట్టాలి. ఆ రబ్బరు నలగాలి, ఊరికే తాకితే చాలదు. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా వచ్చేసిందంటే అక్కడ ధ్వని కూడా సులువుగా పోతోంది. జనం వచ్చీపోయే ద్వారానికి రెండు తలుపులు, మధ్య చిన్న వసారా ఉండాలి. ఒకటి తెరిచినప్పుడు రెండోది మూసి ఉంటుంది. ఎగ్జాస్ట్ గాలిని లోపల ఊల్ పరిచి రెండు మలుపులు తిప్పిన డక్టు గుండా వదలాలి. ఏసీ పైపులు గోడ దాటే చోట సందులు చూసి సీలెంట్ పూయాలి.

ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కట్టే జిప్సం పార్టిషన్లకూ ఇదే మాట. రెండేసి బోర్డులు, మధ్య ఊల్ పెడితే 45 నుంచి 50 డెసిబెళ్లు ఆపగలవు. కానీ చాలాచోట్ల గోడను ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆపేస్తారు, మాట ఆ సీలింగ్ పైనుంచి ఎక్కి పక్క గదిలోకి దిగుతుంది. డాక్టరు గదిలో చెప్పుకున్న రోగం వెయిటింగ్ హాలులో అందరికీ వినపడటానికి కారణం అదే. గోడను స్లాబు దాకా తీసుకుపోవాలి, రెండు గదుల స్విచ్ బోర్డులు వీపుకు వీపు ఆనకుండా పెట్టాలి.

కొన్ని చప్పుళ్లు గాలిలో రావు. రైలు పట్టాకు చెవి ఆనిస్తే దూరాన ఉన్న బండి ముందుగా తెలిసినట్టు, ఉక్కులో, కాంక్రీటులో ధ్వని చాలా వేగంగా, పెద్దగా తగ్గకుండా పోతుంది. గాలిలో సెకనుకు 343 మీటర్లయితే ఉక్కులో 5,000కు పైనే. మేడ మీద నీళ్ల మోటారు రొద కింది ఇంట్లో వినపడేది స్లాబు గుండానే. దానికి గోడ మందం పెంచి లాభం లేదు. మోటారు కింద రబ్బరు ప్యాడ్లు వేసి, పైపుకు మెత్తటి జాయింటు పెట్టి, పైపును గోడకు పట్టే క్లాంపుల్లో రబ్బరు ఉంచితే చాలు.

తరగతి గదుల దగ్గర పొరపాటు తిరగబడిందని పైన అన్నాం. అక్కడ నిజంగా పీల్చే వస్తువే కావాలి, దాన్నే ఎవరూ పెట్టరు. నేలకు టైల్సు, గోడలకు నిగనిగలాడే ఆయిల్ పెయింటు, పైన స్లాబు. శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ టీచరు 'పది' అన్న మాట తోక ఇంకా గదిలో తిరుగుతుండగానే తరువాతి మాట దాని మీద పడుతుంది. హల్లులు నలిగిపోతాయి. వెనక బెంచీ పిల్లవాడు 'కాయ'కూ 'గాయ'కూ తేడా పట్టుకోలేడు. టీచరు గొంతు పెంచితే ఆ గింగురు కూడా అంతే పెరుగుతుంది. వినికిడి కొంచెం తక్కువున్న పిల్లలకైతే పాఠం అందదు.

దీనికి లెక్క ఉంది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి మాట అర్థంకాని ఒక ఉపన్యాస మందిరాన్ని బాగుచేసే పని అప్పగించారు. ఆయన పక్క థియేటరులోని కుర్చీ దిండ్లు రాత్రిపూట మోసుకొచ్చి పరుస్తూ, ధ్వని ఆరిపోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో కొలిచాడు. తెరిచిన కిటికీని కొలమానంగా పెట్టుకున్నాడు, దాని మీద పడ్డ ధ్వని ఇక తిరిగి రాదు కాబట్టి. ఆయన సూత్రం అడుగుల్లో ఇలా ఉంటుంది: గది ఘనపరిమాణాన్ని 0.049తో గుణించి, గదిలోని మొత్తం పీల్చే విస్తీర్ణంతో (ఒక్కో వస్తువు విస్తీర్ణాన్ని అది పీల్చే వంతుతో గుణించి కూడితే వచ్చేది) భాగిస్తే ధ్వని ఆరిపోయే సెకన్లు వస్తాయి.

24 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, పదిన్నర అడుగుల ఎత్తు గదిని తీసుకోండి. 5,040 ఘనపుటడుగులు. గచ్చు, టైల్సు కలిపి పీల్చేది దాదాపు 56 చదరపు అడుగులు. అంటే ఖాళీ గదిలో 4.4 సెకన్లు. నలభై మంది పిల్లలు కూర్చుంటే ఒక్కొక్కరు మూడేసి చొప్పున ఇంకో 120 కలుస్తాయి, 1.4 సెకన్లకు దిగుతుంది. నాలుగడుగుల కిటికీలు రెండు తెరిస్తే 1.2. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరగతి గదికి చెప్పింది 0.6. అక్కడికి చేరాలంటే కిటికీలు మూసి ఉన్నా సరిపోయేలా ఇంకో 236 చదరపు అడుగుల పీల్చే శక్తి కావాలి. నూటికి ఎనభై పీల్చే 50 మిల్లీమీటర్ల ఊల్ పలకలు 300 చదరపు అడుగులు అవుతాయి. పైకప్పులో అరవై శాతం, పిల్లల చేతికి అందని చోటు. పలకను స్లాబుకు అతికించకుండా నాలుగంగుళాలు కిందికి దించి బిగిస్తే అదే పలక తక్కువ స్థాయి ధ్వనులను కూడా బాగా పీలుస్తుంది. డబ్బు తక్కువైతే సగం పలకలే కొని వెనక గోడ పైభాగంలో, కప్పు అంచుల్లో పెట్టండి. టీచరు మాట తిరిగి వచ్చేది ముందు అక్కడినుంచే.

పెట్టాక పాడుచేసేది రంగు. వేసవి సెలవుల్లో స్కూలు మొత్తానికి రంగులు వేస్తూ ఆ పలకల మీద కూడా బ్రష్షు పూసేస్తారు. సందులు మూసుకుపోయి అవి గోడలాగే తిప్పికొట్టడం మొదలుపెడతాయి. దుమ్ము పడకూడదని ప్లాస్టిక్ కవరు తొడిగినా, ఫ్లెక్సీ బ్యానరు అతికించినా అంతే. వాక్యూమ్‌తో దులిపి వదిలేయాలి.

హాళ్లకు అనుమతులిచ్చే మున్సిపల్ అధికారులకు, పోలీసులకు మా విన్నపం. మైకు అనుమతికి ముందు 'కప్పు ఏమిటి, ఎంత బరువు' అని అడగండి. 'సౌండ్ ప్రూఫ్' అన్న మాటను ఒప్పుకోకండి. పీల్చే అంకె వేరు, ఆపే అంకె వేరు. అమ్మినవాడు ఆ రెంటినీ విడివిడిగా, ఏ పౌనఃపున్యం దగ్గర ఎంతో పరీక్ష కాగితంతో చూపాలి. శబ్ద నిరోధానికి ఐఎస్ 1950, ఆడిటోరియంలకు ఐఎస్ 2526 అని భారతీయ ప్రమాణాలు అరవై ఏళ్లుగా ఉన్నాయి.

కొలిచేటప్పుడు ఒక మెలిక ఉంది. నియమాల్లోని పరిమితులు 'ఏ' (ఇంగ్లీషు A) తూకం అనే కొలత పద్ధతిలో ఉన్నాయి. ఆ తూకం మన చెవిలాగే బేస్‌ను చిన్నది చేసి చూస్తుంది, 63 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 26 డెసిబెళ్లు తగ్గిస్తుంది. అందుకే మీటరులో 50 కనిపిస్తున్నా పక్కింటి కిటికీ అద్దాలు అదురుతుంటాయి. అదే మీటరులో 'సీ' తూకం బటన్ కూడా ఉంటుంది. రెండూ చూసి రాయండి. 'సీ' అంకె 'ఏ' అంకెకంటే 15, 20 ఎక్కువ ఉందంటే బయటికి వస్తున్నది బేస్. అప్పుడు చూడవలసింది గోడల ఫోమ్‌ను కాదు, పైకప్పును. హాలులో స్పీకర్లను ఒకే స్థాయిలో మోగించి, లోపల మధ్యలో ఒకసారి, హద్దు దగ్గర గోడలకు దూరంగా నాలుగైదడుగుల ఎత్తున ఒకసారి, 63, 125, 500 హెర్ట్జ్ మూడింటికీ విడివిడిగా కొలిపించండి. ఈ ఆరు అంకెలు అనుమతి పత్రానికి జతచేసి, హాలు నోటీసు బోర్డు మీద కూడా పెట్టించండి. పెళ్లికి హాలు మాట్లాడుకునేవాళ్లూ చూస్తారు, పక్కింటివాళ్లూ చూస్తారు.

ఇట్లు,
భవనాల ధ్వని పనులు చేసే ఇద్దరు ఇంజినీర్లు,
విజయవాడ